తీరం మాట సరే, దారి మాటేమిటి? దసరా సెలవుల సముద్ర విహారంపై ఒక పరిశీలన

2021 ఆగస్టు చివరలో దసరాకు ఇంకా నెలన్నర గడువుండేది. ఏడాదిన్నరగా ఇంటి గోడల మధ్య గడిపిన కుటుంబాలలో ఆ సెలవుల ప్రస్తావన మాత్రం అప్పుడే మొదలైంది. విదేశీ ప్రయాణాలు దాదాపు మూతపడిన స్థితిలో మిగిలింది దేశంలోని విహారమే. అందులోనూ పిల్లలు మొదట అడిగేది సముద్రాన్నే. విశాఖపట్నం, సూర్యలంక, పూరీ, గోవా ఇలా పేర్లు వినిపించాయి. కరోనా రెండో విడత ఉద్ధృతి తగ్గి, మూడో విడత వస్తుందో రాదో తేలని ఆ ఆగస్టు చివరి రోజులలో అలా వెళ్లడం సబబేనా? వెళ్లవచ్చునన్న సమాధానమూ, వద్దన్న సమాధానమూ రెండూ అసంపూర్ణమే. ప్రశ్న అడిగే తీరులోనే కొంత లోపముంది. సముద్రతీరం సురక్షితమా అని అందరూ అడిగారు. అక్కడికి చేర్చే దారి ఎటువంటిది, రాత్రి బస చేసే గది ఎటువంటిది, ఆ ఊరి ఆసుపత్రికి ఎంత శక్తి ఉంది అని అడిగినవారు తక్కువ.

తీరం విషయంలో అప్పటివరకు లభించిన ఆధారాలు ఊరటనిచ్చేవే. గాలి ద్వారా వైరస్ వ్యాపిస్తుందన్న సంగతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ఏప్రిల్ చివరలో, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం మే నెల మొదట్లో మునుపటికంటే స్పష్టంగా అంగీకరించాయి. మే 20న భారత ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం వెలువరించిన సూచనల సారమూ అదే. పెద్ద తుంపరలు రెండు మీటర్ల లోపే నేలకు రాలుతాయి, సూక్ష్మమైనవి పది మీటర్ల దాకా గాలిలో సాగగలవు, కనుక తలుపులూ కిటికీలూ తెరిచి ఉంచండి అని ఆ పత్రం చెప్పింది. ఎడతెగని గాలి వీచే కడలి ఒడ్డుకన్నా తెరిచిన కిటికీ మరెక్కడుంటుంది? 2020 జూన్‌లో బ్రిటన్‌లోని బోర్న్‌మత్ తీరానికి జనం పోటెత్తినప్పుడు ఆ ఛాయాచిత్రాలను చూసి ప్రపంచమంతా విస్తుపోయింది. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయానికి చెందిన అంటువ్యాధుల నిపుణుడు మార్క్ వూల్‌హౌస్ 2021 ఫిబ్రవరిలో ఆ దేశ పార్లమెంటు సంఘం ముందు మాట్లాడుతూ, తనకు తెలిసినంతలో సముద్రతీరంతో ముడిపడిన వ్యాప్తి ఒక్కటీ నమోదు కాలేదని చెప్పారు.

ప్రభుత్వాలు మాత్రం మొదట మూసింది తీరాన్నే, చివర తెరిచిందీ దాన్నే. తమిళనాడులో 2020 నవంబరు 10న సగం సీట్లతో సినిమా హాళ్లు తెరుచుకున్నాయి. చెన్నై మెరీనా తీరంలోకి జనాన్ని అనుమతించింది డిసెంబరు 14న. అంటే నెల రోజులకు పైగా, తలుపులు బిగించిన చల్లని హాలులో మూడు గంటలు కూర్చోవడానికి అనుమతి ఉన్న నగరవాసికి ఇసుకలో అరగంట నడవడానికి అనుమతి లేదు. పాలనాపరమైన కారణం ఊహించలేనిది కాదు. హాలుకు ద్వారముంటుంది, టికెట్టు ఉంటుంది, లెక్క ఉంటుంది. తీరానికి అవేవీ లేవు. పోలీసులకు కాపలా కాయడం కష్టమైన చోటును వైరస్‌కు అనువైన చోటుగా భావించడం ఆ మహమ్మారి కాలంలో పదేపదే జరిగింది. దాని ఫలితం జనం మనసులో నాటుకున్నది. ఇసుకలో మాస్కు పెట్టుకుని జాగ్రత్తగా నడిచినవారే హోటలు భోజనశాలలో దాన్ని జేబులో పెట్టుకుని గంటన్నర కబుర్లాడారు.

ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరం 2021 ఆగస్టులోనే మరో పాఠం చెప్పింది. ముందుగా బస కుదుర్చుకోనివారు రావద్దని అక్కడి పర్యాటక సంస్థ విజ్ఞప్తి చేసింది. న్యూక్వే పట్టణం వద్ద జరిగిన ఒక సంగీతోత్సవంతో సంబంధమున్నట్టు భావించిన కేసులు దాదాపు 4,700 అని ఆగస్టు 23న అధికారులు ప్రకటించారు. వారిలో ఎక్కువమంది పదహారు నుంచి ఇరవై ఒక్క ఏళ్ల లోపువారు. అలలూ ఇసుకా అక్కడా ఉన్నాయి. అయితే అక్కడికి చేరినవారు రోజుల తరబడి ఒకే గుంపుగా తిని, ఆడి, నిద్రించారు.

తెలుగు కుటుంబాల విషయానికి వస్తే, హైదరాబాదు నుంచి విశాఖకు రైలు ప్రయాణం రాత్రంతా సాగుతుంది. కిటికీలు తెరుచుకోని ఏసీ బోగీలో డజన్ల కొద్దీ అపరిచితులతో పన్నెండు గంటలు గడపడం ఆ విహారమంతటిలోనూ అతి ప్రమాదకరమైన ఘట్టం కావచ్చు. మహమ్మారి మొదలైనప్పుడు రైల్వేశాఖ దుప్పట్లు, తెరలు తీసేసింది కానీ గాలి సంగతి గాలికే వదిలేసినట్టయింది. ఈ కోణంలో చూస్తే కిటికీ పక్కన జుట్టు చెదిరేలా గాలి తగిలే స్లీపర్ బోగీ మేలు. సొంత వాహనంలో ఇంటివాళ్లే కలిసి పోవడం అంతకన్నా మేలు. గుంటూరు, విజయవాడ వాసులు సూర్యలంకకో మంగినపూడికో పొద్దున్నే వెళ్లి దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరవచ్చు. అక్కడ గది ప్రసక్తే రాదు. అటువంటి విహారానికి అభ్యంతరం చెప్పడానికి పెద్దగా కారణం కనిపించదు.

చిక్కంతా దూరప్రయాణాలతోనే, పెద్ద పెద్ద విహారకేంద్రాలతోనే వస్తుంది. ఇందుకు గోవా కంటే మంచి ఉదాహరణ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్ర జనాభా 14.58 లక్షలు. 2019లో అక్కడికి వచ్చిన పర్యాటకులు 80 లక్షలకు పైగా. అంటే ప్రతి నివాసికీ అయిదుగురికి మించి అతిథులు. 2020 జులై 2న గోవా తన ద్వారాలు తెరిచినప్పుడు నెగెటివ్ పత్రం తేవాలనీ, లేదంటే సరిహద్దులో పరీక్ష చేయించుకోవాలనీ షరతు ఉండేది. సెప్టెంబరులో అది పోయింది. డిసెంబరు నాటికి దేశీయ పర్యాటకులతో తీరాలు నిండిపోయాయి. కొత్త సంవత్సరపు వేడుకలు జరిగాయి. అయినా జనవరి, ఫిబ్రవరి నెలలలో కేసులు పెరగలేదు. ఏమీ కాలేదన్న ఆ ధీమాయే తర్వాత కొంప ముంచింది. 2021 ఏప్రిల్ చివరికి గోవాలో పరీక్ష చేయించుకున్న ప్రతి ఇద్దరిలో ఒకరికి వ్యాధి బయటపడింది. నెగెటివ్ పత్రం లేనిదే రాష్ట్రంలోకి రానీయరాదన్న షరతు మళ్లీ అమలులోకి వచ్చింది మే 10న. అదీ బొంబాయి హైకోర్టు గోవా ధర్మాసనం ఆదేశించిన తర్వాతనే.

ఆ మరునాడు తెల్లవారుజామున రెండు గంటలకూ ఆరు గంటలకూ మధ్య పణజీ సమీపంలోని గోవా వైద్య కళాశాల ఆసుపత్రిలో 26 మంది కోవిడ్ రోగులు మరణించారని ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రి విశ్వజిత్ రాణే స్వయంగా వెల్లడించారు. ఆక్సిజన్ సరఫరాలో అంతరాయాలే కారణమన్న ఆరోపణలు వచ్చాయి. తెలుగువారికి ఈ వార్త దూరదేశపు ముచ్చటలా అనిపించే అవకాశం లేదు. కొన్ని గంటల ముందే తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ పీడనం తగ్గి 11 మంది చనిపోయారు. గోవా విషాదానికి పర్యాటకులొక్కరే కారణమనడం న్యాయం కాదు. డెల్టా రకం దేశమంతటినీ ముంచింది. మార్చిలోనూ ఏప్రిల్ 23నా అక్కడ పురపాలక ఎన్నికలు జరిగాయి. అయినా ఒక లెక్క మాత్రం నిలుస్తుంది. పదిహేను లక్షల మంది కోసం కట్టిన ఆసుపత్రి వ్యవస్థ మీద వచ్చిపోయేవారి భారం కూడా పడుతుంది. అతిథి జ్వరంతో తన ఊరు తిరిగి వెళ్తాడు, అక్కడి పెద్దాసుపత్రిలో చేరతాడు. అతనికి గది ఊడ్చిన మనిషి, పడవ నడిపిన మనిషి, బల్ల తుడిచిన కుర్రవాడు వెళ్లవలసింది ఆ ఒక్క ఆసుపత్రికే.

విశాఖ సంగతి కొంత మెరుగు, కొంత కాదు. నగరం పెద్దది. దేశంలో తొలి ఆక్సిజన్ రైలు 2021 ఏప్రిల్ 22న బయలుదేరింది అక్కడి నుంచే, ఉక్కు కర్మాగారంలో తయారైన ప్రాణవాయువును మహారాష్ట్రకు మోసుకుంటూ. కాని కింగ్ జార్జి ఆసుపత్రి ఒక్క నగరానిది కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు, మన్యం పల్లెలు, పొరుగున ఉన్న దక్షిణ ఒడిశా అన్నిటికీ అదే దిక్కు. బాపట్ల వంటి చోట ఏరియా ఆసుపత్రి ఉంది. పరిస్థితి విషమిస్తే గుంటూరు పరుగెత్తవలసిందే. 2020 అక్టోబరులో రుషికొండ తీరానికి అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి శుభ్రత, భద్రత, వసతులు అన్నీ చూసి ఇచ్చే గుర్తింపు అది. అప్పుడు యాత్రికుడు చూసుకోవలసిన లెక్క అందులో లేదు. ఆ జిల్లాలో ఆ వారం కేసులు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా, పడకలు ఎన్ని ఖాళీ అన్నది చూసుకోవలసి ఉండేది. ఆ అంకెలు జిల్లా అధికారుల వద్ద రోజూ ఉండేవి. వాటిని పర్యాటక శాఖ ప్రకటనల్లో, గదుల బుకింగ్ పేజీల్లో కనిపించేలా పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు.

అలాగని ఎవరూ రావద్దని చెప్పడమూ తేలిక కాదు. దేశంలో పర్యాటక రంగంలో 2020 ఏప్రిల్, జూన్ నెలల మధ్యనే కోటీ 45 లక్షల ఉపాధులు పోయాయని జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి అధ్యయనం అంచనా వేసింది. తర్వాతి మూడు నెలల్లో మరో 52 లక్షలు పోయాయి. 2021 జూన్ 28న కేంద్ర ఆర్థికమంత్రి ప్రకటించిన పథకంలో పర్యాటక సంస్థలకు పది లక్షలు, గైడ్లకు లక్ష రూపాయల వరకు పూచీతో అప్పు ఇస్తామన్నారు. గుర్తింపు పత్రమున్న గైడ్లు 10,700 మంది అని లెక్క కట్టారు. రామకృష్ణా బీచిలో మొక్కజొన్న పొత్తులు కాల్చే మనిషికీ, మురీ మిక్చరు కలిపే మనిషికీ, గుర్రం మీద పిల్లలను తిప్పే మనిషికీ ఏ గుర్తింపు పత్రమూ లేదు. వారికి ప్రభుత్వ సహాయమంటే సాయంత్రం వచ్చే జనమే. 2022లోగా దేశంలోని పదిహేను చోట్లయినా చూసి రండని 2019 స్వాతంత్ర్య దినోత్సవం నాడు కోరిన ప్రధానమంత్రే, 2021 జులై 13న కొండప్రాంతాల్లో మాస్కులు లేని గుంపులను చూసి ఆందోళన చెందవలసి వచ్చింది. రెండు మాటలూ వేటికవే నిజం. రెండింటి మధ్య ఏం చేయాలో చెప్పే మూడో మాట అప్పటివరకు వినిపించలేదు.

పొరుగు దేశం బంగ్లాదేశ్ ఈ మధ్యేమార్గాన్ని ప్రయత్నించింది. సుమారు 120 కిలోమీటర్ల పొడవైన కాక్స్ బజార్ తీరం 2021 ఏప్రిల్‌లో మూతపడి ఆగస్టు 19న తిరిగి తెరుచుకుంది. సామర్థ్యంలో సగానికి మించి అతిథులను రానీయరాదన్నది అప్పటి షరతు. ఆ జిల్లాలోనే లక్షలాది రోహింగ్యా శరణార్థుల శిబిరాలున్నాయి. ఢాకా నుంచి సెలవు గడపడానికి వచ్చే కుటుంబానికీ, టార్పాలిన్ కింద బతికే శరణార్థికీ వైద్యం అవసరమైతే దిక్కు ఆ జిల్లాలోని ఆసుపత్రులే. గదుల్లో సగం నియమం తీరానికి వేసే తాళం కన్నా తెలివైనది. అమలు ఎలా ఉంటుందన్నది వేరే ప్రశ్న.

ఇక ఎవరు వెళ్లవచ్చు? 2021 జులైలో వెలువడిన నాలుగో జాతీయ సీరో సర్వేలో 67.6 శాతం మందిలో ప్రతిరక్షకాలు కనిపించాయి. అయినా దాదాపు 40 కోట్ల మందికి రక్షణ లేదనీ, రెండు డోసులూ పూర్తయినవారు మాత్రమే ప్రయాణాలు చేయాలనీ భారత వైద్య పరిశోధన మండలి అప్పుడే సూచించింది. రాష్ట్రాల మధ్య తేడా కూడా తక్కువ కాదు. కేరళలో అది 44.4 శాతమే. ఓనం ముగిసిన కొద్ది రోజులకే అక్కడ రోజువారీ కేసులు 30 వేలు దాటాయి. కోవళం, వర్కల యాత్ర ఆ నెలలో తలపెట్టడం అవివేకం. 2021 ఆగస్టు చివరికి దేశంలో పెద్దలలో సగం మందికి కనీసం ఒక డోసు అందింది కాని, రెండూ పూర్తయినవారు అప్పటికి ఇంకా తక్కువే. పిల్లలకు టీకా అప్పటికి మొదలే కాలేదు. టీకా వేయించుకోని తాతయ్య, బామ్మ ఉన్న ఇల్లు ఆగడమే మంచిది. ఆగి డోసులు పూర్తిచేసుకుని, నవంబరు తర్వాత వారం మధ్యలో వెళ్తే గదీ ఖాళీగా దొరుకుతుంది, తీరమూ ఖాళీగా ఉంటుంది. మరొక సంగతి వైరస్‌తో సంబంధం లేనిది. దసరా రోజులంటే బంగాళాఖాతానికి తుపానుల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. ఆ రోజులలో అలలు లోపలికి లాగే తీరాల్లో మాస్కు కన్నా ముందు గుర్తుపెట్టుకోవలసింది కాపలా సిబ్బంది ఈల.

ప్రయాణికుని చేతిలో లేని విషయమొకటి మిగిలింది. గది అద్దె, విమానం టికెట్టు ముందే కట్టేసిన కుటుంబంలో బయలుదేరే రోజు ఒకరికి ఒళ్లు వెచ్చబడితే ఏమవుతుంది? మాత్ర వేసుకుని బయలుదేరతారు. డబ్బు తిరిగి రాదు గనుక. పరీక్షలో పాజిటివ్ వచ్చినవారికి బయలుదేరే రోజు వరకు పూర్తి సొమ్ము వాపసు చేయాలన్న నియమం హోటళ్లకూ, విమాన సంస్థలకూ పెడితే, సరిహద్దులో పత్రాలు తనిఖీ చేయడం కన్నా అది ఎక్కువ మందిని ఇంటి వద్ద ఆపుతుంది. దసరా బుకింగులు ఊపందుకోక ముందే రాష్ట్ర ప్రభుత్వాలు తీసుకోదగిన నిర్ణయమిది. అందుకు అప్పుడు మిగిలిన వ్యవధి కొన్ని వారాలే.