బొబ్బిలి కథలో మన పేరు

బొబ్బిలి యుద్ధం పేరు వినని తెలుగువారు ఉండరు. బుర్రకథగా, నాటకంగా, సినిమాగా తరతరాలుగా ఆ కథ నడుస్తూనే ఉంది. అందులో మన పిల్లలకు ప్రధానంగా కనిపించే ముస్లిం ఒక్కడే: ఫ్రెంచి సేనాని బుస్సీ వద్ద దివానుగా ఉన్న హైదర్ జంగు, లంచానికి లొంగి కోటను కూల్పించిన కుటిలుడు. కథ ముగిశాక ఆ ఒక్క పాత్ర మీది కోపం బడిలో పక్క బెంచీ మీది పిల్లవాడి మీదకు మళ్లడం మన కుటుంబాలకు కొత్త కాదు.

హైదర్ జంగును నిర్దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. ఆనాటి ఆయుధాలు ఎవరివో, ఎవరు పిలిపిస్తే వచ్చాయో పాఠకులు ఆలోచించాలని మాత్రమే మా మనవి.

1753లో నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచి సైన్యం జీతాల కోసం ఉత్తర సర్కారులను బుస్సీకి అప్పగించాడు. ఆ ఏర్పాటును ఎదిరించినవాడు శ్రీకాకుళం ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్. మొదట ఆయనతో చేతులు కలిపిన విజయనగరం పాలకుడు విజయరామరాజు తరువాత బుస్సీ పక్షం చేరాడు. అంటే ఈ సీమలో ఫ్రెంచి ఫిరంగులకు మొదట అడ్డు నిలిచినవాడూ ముస్లిమే. ఆయన పేరు ఏ బుర్రకథలోనూ వినిపించదు.

1757 జనవరి 24న బొబ్బిలి కోట ముందు నిలిచిన సేనలను ఆంగ్ల చరిత్రకారుడు ఆర్మ్ లెక్కగట్టాడు: 750 మంది ఐరోపా సైనికులు, నాలుగు ఫిరంగులు, విజయరామరాజు వెంట 11,000 మంది స్వదేశీ భటులు. కోటలో ఆయుధం పట్టినవారు 250 మంది. వత్తి ముట్టించి పేల్చే నాటు తుపాకులనూ ఈటెలనూ తట్టుకోగల మట్టి బురుజులు ఫిరంగి గుండ్లకు నిలవలేదు. రంగారావు, ఆయన వీరులు చివరి వరకూ పోరాడి నేలకొరిగారు. స్త్రీలు, పిల్లలు శత్రువుల చేత చిక్కకుండా కోటలోనే ప్రాణాలు కోల్పోయారు. మూడు రాత్రుల తరువాత విజయరామరాజును ఆయన డేరాలోనే హతమార్చినది ఫిరంగి కాదు, తాండ్ర పాపారాయుని కత్తి అని జనశ్రుతి.

ఆ ఫిరంగులు ఫ్రెంచివారివి. వాటిని రప్పించినది ఇరుగుపొరుగు సంస్థానాల పాత పగ. ఏటి నీళ్ల తగాదా కూడా అందులో ఒకటని ఆర్మ్ వ్రాశాడు. ఇందులో మత వైరం ఎక్కడుంది?

ఇంకా వెనక్కి వెళితే చరిత్ర మరింత స్పష్టంగా పలుకుతుంది. 1652 ప్రాంతంలో శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంటే బొబ్బిలి మూలపురుషుడు పెద్దరాయుడూ, విజయనగరం పూసపాటి వంశీయుడు మాధవవర్మా ఈ సీమకు వచ్చారు. షేర్ అంటే పులి. తనకు భూమినిచ్చిన ఆ ఫౌజుదారు పేరు మీదనే పెద్దరాయుడు తన ఊరికి పెద్దపులి అని పేరు పెట్టాడనీ, అదే బొబ్బిలి అయిందనీ ప్రతీతి. తెలుగువారు పౌరుషానికి ప్రతీకగా చెప్పుకునే ఆ ఊరి పేరులోనే ఒక ముస్లిం పేరు దాగి ఉంది. మనం నిత్యం వాడే తుపాకి అనే మాట తుర్కీ నుంచి వచ్చినదే.

బుస్సీ సేనలో ఫిరంగి విద్య నేర్చిన ఇబ్రహీం ఖాన్ గార్దీని కూడా తలచుకుందాం. 1761 జనవరి 14న పానిపట్టులో ఆయన మరాఠాల పక్షాన అబ్దాలీ సేనపై ఫిరంగులు పేల్చాడు. ఉప్పు తిన్నవారిని విడువక, పట్టుబడి ప్రాణమిచ్చాడు. ఒక హైదర్ జంగును బట్టి సమాజాన్ని తూచేవారు ఈ గార్దీని ఏ త్రాసులో వేస్తారు?

ఎవరినో నిందించి మన బాధ్యత తీరిందనుకోలేము. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని కుటుంబాలు తమ ఇళ్లలో ఉన్న సనదులను, ఇనాము పత్రాలను, మసీదు దస్తావేజులను భద్రపరచాలి. వాటిని చదవగల పెద్దలు ఉండగానే తెలుగులో వ్రాయించాలి. కార్యకర్తలు ఆ ప్రతులతో ఉపాధ్యాయులను, బుర్రకథ కళాకారులను కలుసుకోవాలి. కథలోంచి హైదర్ జంగును తీసేయమని అడగవద్దు. జాఫర్ అలీని, షేర్ మహమ్మద్ ఖాన్‌ను కూడా చేర్చమని అడుగుదాం. అది దయాభిక్ష కాదు, చరిత్రలో మనకు న్యాయంగా రావలసిన వాటా.