మధ్యలో ఆగిన ఫైలు

మొన్న బరంపురంలో ఒక పెళ్ళిలో మా చిన్నాన్నగారబ్బాయి నన్ను పక్కకు పిలిచి చెప్పాడు: "అన్నయ్యా, చెల్లి ఇచ్చిన కిడ్నీ ఆరేళ్ళుగా బాగా పనిచేస్తోంది. ఇంకా ఈ ఖరీదైన మాత్రలెందుకు? ఈ నెల నుంచి సగమే వేసుకుంటున్నాను."

నా గుండె ఝల్లుమంది. నేను చదివింది బి.కాం. అయినా తెలిసిన డాక్టరుగారిని అడిగి, నాలుగు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది మీతో పంచుకుంటాను.

మన రక్తంలోని టీ కణాలు బ్యాంకు కౌంటరులో గుమాస్తాల వంటివి. వాటిపై ఉండే రిసెప్టరు సంతకాలు సరిచూస్తుంది. పరాయి సంతకం కనబడగానే లోపలికి ఫైలు కదులుతుంది. కణంలో కాల్షియం పెరుగుతుంది. కాల్సిన్యూరిన్ అనే అధికారి మేల్కొని ఎన్‌ఫాట్ అనే ప్రోటీనును కేంద్రకంలోకి పంపుతాడు. అక్కడ ఇంటర్‌ల్యూకిన్-2 తయారీకి ఆర్డరు పడుతుంది. దాంతో టీ కణాలు వేలకు వేలుగా పెరిగి పరాయి అవయవం మీద పడతాయి.

నార్వే మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి వచ్చిన మందు సైక్లోస్పోరిన్. రోగనిరోధక శక్తిని అణచే దాని గుణం 1972లో స్విట్జర్లాండులో బయటపడింది. 1978లో కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ దానిని కిడ్నీ మార్పిడి రోగులకు వాడారు. జపానులోని సుకుబా మట్టి నుంచి 1984లో టాక్రోలిమస్ వచ్చింది. రెండూ పట్టుకునేది ఆ కాల్సిన్యూరిన్ చేతినే.

ఇక్కడే అసలు కిటుకుంది. ఈ మందు కౌంటరు గుమాస్తాను మార్చదు. పరాయి సంతకం అతనికి ఆరేళ్ళ తరువాత కూడా తెలుస్తూనే ఉంటుంది. మందు చేసేదల్లా ఫైలును మధ్యలో ఆపడమే. మాత్ర మానితే ఫైలు మళ్ళీ కదులుతుంది.

మోతాదు ఎక్కువైనా ప్రమాదమే, ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది. అందుకే రక్తపరీక్షలు. పంపరపనస పండు కూడా రక్తంలో మందును పెంచవచ్చు, డాక్టరును అడగకుండా తినరాదు. నిజమైన శత్రువుల మీది ఫైళ్ళు కూడా నెమ్మదిస్తాయి కనుక చిన్న జ్వరాన్నయినా అశ్రద్ధ చేయకూడదు.

మర్నాడే తమ్ముణ్ణి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. రక్తంలో మందు బాగా తగ్గింది. అదృష్టవశాత్తు కిడ్నీకి ఏమీ కాలేదు. ఖర్చు సంగతి డాక్టరుగారితోనే మాట్లాడితే తక్కువ ధర మందు, దానికి తగిన పరీక్షలు ఆయనే చెప్పారు.

మీ ఇంట్లో ఇటువంటివారుంటే ఈ పేజీ చదివి వినిపించండి. "బాగున్నాను కనుక మాత్ర ఎందుకు" అనకండి. మాత్ర వల్లనే బాగున్నారు.