పంటకు లెక్క ఉన్నది, పనివానికి కలుగు హానికి లెక్క ఏది?

ఈ ఏడు మీ ఊరిలో పత్తి ఎకరమునకు ఎన్ని క్వింటాళ్లు దిగినదని అడిగినచో రచ్చబండ మీద కూర్చున్న వారందరును చెప్పగలరు. అదే ఊరిలో పత్తికి మందు కొట్టిన నూరుమందిలో ఎందరికి కళ్లు తిరిగినవి, ఎందరికి వాంతులైనవి, ఎందరు రెండు దినములు మంచము దిగలేదు అని అడిగినచో జవాబు చెప్పగలవారు లేరు. మొదటి లెక్క ఎంత అవసరమో రెండవ లెక్కయు అంతే అవసరమని నా అభిప్రాయము.

గనిలో గాని కర్మాగారములో గాని పెద్ద ప్రమాదము జరిగినచో యజమాని దానిని అధికారులకు తెలుపవలెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, 1952 నాటి గనుల చట్టము ఈ విధిని ఏర్పరచినవి. తరువాత వచ్చిన చట్టములోను ఆ విధి తొలగిపోలేదు. లెక్క కాగితము మీద ఉండుటచేత, కార్మికులు దానిని చూపి తమ రక్షణకు కావలసినది అడుగగలుగుచున్నారు. మరి ఒక కౌలురైతు పొలమునకు కూలికి వచ్చిన మనిషి నూర్పిడి యంత్రములో చేయి పోగొట్టుకొన్నచో ఆ సంగతి ఏ పుస్తకములోనికి ఎక్కుచున్నది? ఊరు నాలుగు దినములు చెప్పుకొనును, పిమ్మట మరచిపోవును.

గనులు, కట్టడపు పనులు, వ్యవసాయము - ఈ మూడును మిక్కిలి ప్రమాదకరమైన వృత్తులని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పుచున్నది. ఏటేటా లెక్క కట్టు అమెరికా దేశమును చూడుడు. 2022లో అచ్చట పూర్తికాలము పనిచేయు ప్రతి లక్షమందికి పనిలో గాయపడి మరణించినవారు అన్ని వృత్తులలో కలిపి 3.7, కట్టడపు పనులలో 9.6, వ్యవసాయము, అడవి పనులు, చేపల వేట కలిసిన రంగములో 18.6. అచ్చటను ఒక లోపము కలదు. మరణము కాని గాయములు, జబ్బుల వార్షిక సర్వేలో పదిమంది లేక అంతకు తక్కువ పనివారు గల కమతములను చేర్చరు. మన కమతములు దాదాపు అన్నియు అటువంటి చిన్నవే.

ఇట్టి లెక్క మనకు కొత్తది కాదు. మొత్తము బస్తాలు చూచి పంట బాగున్నదని మనము అనము; ఎకరమునకు ఎంత అని చూతుము. ఒక ఊరిలో ముగ్గురు, మరియొక ఊరిలో ఆరుగురు మందు కొట్టి జబ్బుపడిరనుకొనుడు. మొదటి ఊరిలో మందు కొట్టినవారు ముప్పదిమంది, రెండవ ఊరిలో రెండువందలమంది అయినచో, నూటికి పదిమంది పడిన మొదటి ఊరిలోనే ప్రమాదము హెచ్చు. అచ్చట వాడిన మందు ఏది, పంపు ఏది, ఏ వేళ కొట్టిరి అని విచారింపవలసి యున్నది. లెక్క లేనిదే ఈ విచారణకు తావు లేదు.

2017 వర్షాకాలములో మన ఆదిలాబాదు సరిహద్దున గల మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో మందు కొట్టుచు వందలమంది ఆసుపత్రుల పాలైరి. ఇరువదిమందికి పైగా మరణించిరి. పత్తి మనిషి ఎత్తు పెరిగిన చేలలో తుంపర నేరుగా ముఖము మీద పడినది. రోగులు ఒకరి వెనుక ఒకరుగా చేరుచున్నను, ఇది అందరిదీ ఒకే ఆపద అని లోకము గుర్తించుటకు వారములు పట్టినది. ఊరూర రిజిస్టరు ఉండినచో మొదటి వారములోనే తెలిసియుండెడిది.

మన ఊళ్లలో ఇంకొక చిక్కు కలదు. మందు కొట్టి పడిపోయిన వానిని ఆసుపత్రికి తెచ్చినచో, మొదట అడుగు ప్రశ్న "మందు తాగినాడా?" అని. ఆ నింద, పోలీసు విచారణ భయముచేత ఇంటివారు జబ్బును దాచి, మజ్జిగ త్రాగించి పండుకోబెట్టుదురు. ఇది ప్రాణాపాయము. ఒంటి బట్టలు వెంటనే విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, 108కు ఫోను చేయుడు. మందు డబ్బాను, దానితో వచ్చిన కాగితమును వెంట తీసికొని పొండు. ఏ మందో తెలిసిననే వైద్యుడు తగిన విరుగుడు ఈయగలడు.

ఇక నా సూచన. ప్రతి గ్రామములో ఒక రిజిస్టరు పెట్టవలెను. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వ్యవసాయ సహాయకులు, తెలంగాణలో వ్యవసాయ విస్తరణాధికారులు దీనిని వ్రాయవచ్చును. పేరు అక్కరలేదు. తేదీ, చేసిన పని, ఎన్ని గంటలు చేసిరి, మందు పేరు, డబ్బాపై త్రికోణము రంగు, చేతి పంపా తైవాన్ పంపా, ఏమి జరిగినది, ఎన్ని దినముల పని పోయినది - ఇవి చాలును. ట్రాక్టరు బోల్తా, మోటారు వద్ద కరెంటు షాకు, పాముకాటు, మిరప కోతలో వడదెబ్బ కూడ వ్రాయవలెను. ఆ కారులో ఆయా పనులు చేసినవారు ఎందరో కూడ వ్రాసిననే పోల్చుటకు వీలగును. విషబాధ సంఘటనలు తెలుపవలెనని ఆజ్ఞాపించు అధికారమును 1968 నాటి పురుగుమందుల చట్టములోని 26వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వములకు ఇచ్చినది. దానిని పూర్తిగా వినియోగించుకొనవలెను.

ఇంత లెక్క ఎవరు వ్రాయుదురని కొందరు అనవచ్చును. కురిసిన వానను మిల్లీమీటర్లలో వ్రాయుచున్నాము. ఊరిలో ఎన్ని గేదెలున్నవో పశుగణనలో వ్రాయుచున్నాము. చేనిలో పడిపోయిన మనిషికి ఒక వరుస వ్రాయుట భారమా? వచ్చు గ్రామసభలో ఈ మాట మీరే లేవనెత్తుడు. ఈ ఖరీఫులో మీ చేనికి మందు కొట్టినవారిని సాయంత్రము ఒకసారి పిలిచి, ఒంట్లో ఎట్లున్నదని అడుగుడు. వారు చెప్పినది వ్రాసి పెట్టుడు.