ఇక్కత్ అడిగితే అచ్చు బట్ట చూపొద్దు!

చేనేత సంఘాల సభ్యులారా! చీరలు కొనే అక్కచెల్లెళ్లారా, అన్నదమ్ములారా!

పోచంపల్లిలో నూలుకు ముందే కట్లు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాతే మగ్గమెక్కిస్తారు; అదే ఇక్కత్. ఉప్పాడ జమ్దానీలో బుటాలన్నీ చేత్తో పోగు దూర్చి నేస్తారు. ఇలాంటి చీరలు కోరేవాళ్లు ఊరికొకరుగా చెదిరి ఉంటారు. అలాంటివాళ్లకు మగ్గాన్ని చూపించగల సాధనం ఆన్‌లైన్ అంగళ్ల సిఫారసు వ్యవస్థ. అదెంత పని చేయగలదో పుస్తకాల వ్యాపారం చూపించింది. 1988లో వచ్చిన జో సింప్సన్ ‘టచింగ్ ద వాయిడ్’ దాదాపు మరుగున పడింది. పదేళ్ల తర్వాత మరో పర్వతారోహణ పుస్తకం కొన్నవారికి అమెజాన్ దాన్నీ చూపించింది. మళ్లీ జోరుగా అమ్ముడైంది.

మన చీరకు ఆ మేలు ఎందుకు అందదు? సిఫారసు చేసే యంత్రం బట్టను తాకి చూడలేదు. క్లిక్కులు, అమ్మకాలు, రాసిన వివరాలు, దానికి ముఖ్యంగా తెలిసేవి ఇవే. చేనేతో మరమగ్గమో రాయకపోతే దానికి రెండూ ఒకటే. ఇక్కత్ డిజైన్ అచ్చేసిన చౌక చీరకు క్లిక్కులెక్కువ పడితే అదే ముందుకొస్తుంది. నెలకు కొద్ది చీరలే నేసే మగ్గం అడుగున పడిపోతుంది.

దీన్ని సరిదిద్దే ఆధారాలు చేతిలోనే ఉన్నాయి. పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. చేనేతకు 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉంది. సరుకులను ఏ లెక్కన వరుస పెడుతున్నారో అంగడి సంస్థలు చెప్పాలని 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు అంటున్నాయి.

అందుకే మా డిమాండ్లు:

1. అంగడి సంస్థలు జీఐ, హ్యాండ్లూమ్ మార్క్ ఆధారాలు సరిచూసి ‘చేనేత’ అని విడిగా గుర్తించాలి. ఇక్కత్ చూసినవారికి ముందు మగ్గం మీది ఇక్కత్‌నే చూపాలి. అచ్చు బట్ట మీద ‘అచ్చు’ అని రాయాలి.

2. అమ్మకాల చరిత్ర లేదని కొత్తగా చేరిన సంఘాల సరుకును తొక్కిపెట్టకూడదు. కొన్నాళ్లు తప్పక చూపాలి.

3. వివరాలు, ఫొటోలు ఎక్కించడంలో రెండు తెలుగు రాష్ట్రాల చేనేత శాఖలు సంఘాలకు తోడ్పడాలి.

నేతన్నలారా! ‘కాటన్ చీర’ అని రాసి ఊరుకోకండి. ఊరు, నూలు, కౌంటు, రంగు, నేతకు పట్టిన రోజులు అన్నీ రాయండి. యంత్రం మిమ్మల్ని పోల్చుకునేది వాటితోనే.

కొనుగోలుదారులారా! చేనేత పేరుతో అచ్చు బట్ట వస్తే ఫిర్యాదు చేయండి. అసలైనది అందితే ఊరి పేరుతో సహా రివ్యూ రాయండి. అంగడి సంస్థలను, చేనేత శాఖలను ఈ మూడు డిమాండ్లపై నిలదీయండి!