హైస్ట్రీట్ నార్త్ హోటల్ అద్దె విషయమై ప్రత్యేక సర్వసభ్య సమావేశ తీర్మానం

లండన్ ఈస్ట్‌హామ్ పరిసరాల తెలుగువారి సంఘం ప్రత్యేక సర్వసభ్య సమావేశం, పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇచ్చి, 2025 నవంబరు 16 ఆదివారం మధ్యాహ్నం కార్తీక వనభోజనం ముగిశాక జరిగింది. నవంబరు చలిలో ఇక్కడ వనమూ లేదు, ఉసిరిచెట్టూ లేదు. ఏటా లాగే హైస్ట్రీట్ నార్త్ హోటల్లోనే బల్లలు కలిపి, గిన్నెలో నాలుగు ఉసిరికాయలు పెట్టుకుని భోంచేశాం. ఏ హోటల్ గురించి మాట్లాడుకోవాలో అందులోనే కూర్చుని మాట్లాడుకున్నాం. హోటల్ యజమాని దంపతులు చర్చ వినలేక వంటింట్లోకి వెళ్లిపోయారని మినిట్స్‌లో నమోదు చేయమని సభ్యులు కోరగా, నమోదు చేశాం.

సభ ముందుకు వచ్చిన విషయం ఇది. తెనాలి నుంచి వచ్చిన ఈ దంపతులు 2010 డిసెంబరులో ఇరవయ్యేళ్ల లీజు మీద ఈ దుకాణం తీసుకున్నారు. అయిదేళ్లకోసారి అద్దె సవరించే షరతు అందులో ఉంది. ఆ సవరణ పైకే తప్ప కిందికి ఉండదు. వీధిలో అద్దెలు పడిపోయినా వీరి అద్దె మాత్రం తగ్గదన్నమాట. 2020లో కోవిడ్ మూలాన అద్దె జోలికి ఎవరూ పోలేదు. ఇప్పుడు మూడో సవరణ గడువు వచ్చింది. ఇంగ్లండ్‌లో చాలా దుకాణాల అద్దె నెలనెలా కాక, పాత ఆచారం ప్రకారం మార్చి 25, జూన్ 24, సెప్టెంబరు 29, డిసెంబరు 25 తేదీల్లో మూడు నెలలది ముందుగానే కట్టాలి. ఊరంతా తలుపులు మూసుకుని పండగ చేసుకునే రోజే వీరికి అద్దె రోజు. వచ్చే క్రిస్మస్ నుంచి స్థలం యజమాని అడుగుతున్న మొత్తం ఎంతో ఇక్కడ రాయవద్దని దంపతులు కోరారు. పెంపు ఇప్పటి అద్దెలో సగానికి పైనే ఉందని మాత్రం రాయడానికి ఒప్పుకున్నారు.

అద్దె ఒక్కటే కాదు. అయితే మిగతా భారాలు ఓర్చుకోగలిగినవి, ఇది ఓర్చుకోలేనిది. 2025 ఏప్రిల్ నుంచి పనివారి తరఫున యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 15 శాతమైంది. అది మొదలయ్యే జీతం హద్దు ఏడాదికి 9,100 పౌండ్ల నుంచి 5,000కి దిగింది. అదే నెలలో బిజినెస్ రేట్లలో హోటళ్లకిచ్చే రాయితీ 75 శాతం నుంచి 40కి తగ్గింది. వేడి ఇడ్లీ మీద 20 శాతం వ్యాట్ ఎలాగూ ఉంది. జూలైలో వీసా నిబంధనలు మారాక కొత్త వంటమాస్టర్‌ని ఇండియా నుంచి పిలిపించుకునే దారి మూసుకుపోయింది. అందుకే ఇప్పుడు దోసెల పెనం ముందు హోటల్ యజమానే నిలబడుతున్నారు. మోకాలికి పట్టీ వేసుకుని.

ఈ హోటల్ మనకేమిటన్నది తీర్మానంలో ఎందుకు, అందరికీ తెలిసిందే కదా అని ఒకరు అన్నారు. కౌన్సిల్‌కి తెలియదు, స్థలం యజమానికి అంతకన్నా తెలియదు కనుక రాస్తున్నాం. యూనివర్సిటీ ఆఫ్ ఈస్ట్ లండన్‌లో చేరి ఈ పేటలో గదుల్లో సర్దుకునే పిల్లలు హీత్రూలో దిగి పెట్టెలతో నేరుగా వచ్చేది ఇక్కడికే. కౌంటర్ వెనక గోడ మీద ఎప్పుడూ పది కాగితాలు ఉంటాయి: "ఒక్కరికి గది, ట్యూబు స్టేషన్‌కి అయిదు నిమిషాలు", "శనాదివారాలు పార్ట్‌టైమ్ పని". 2020లో పని పోయిన పిల్లలకి పెరుగన్నం పొట్లాలు ఇక్కడి నుంచే వెళ్లాయి. ఇక వేపపువ్వు. మార్చిలో లండన్‌లో అది ఎక్కడ దొరుకుతుంది? మనందరం అక్క అని పిలిచే హోటల్ యజమానురాలు ఏటా తెనాలి నుంచి ఎండుపువ్వు తెప్పించి, కాగితం పొట్లం కట్టి ఫ్రీజర్‌లో దాచి, ఉగాది నాడు నేతిలో వేయించి పచ్చడిలో కలుపుతుంది. ఆ పచ్చడి పద్నాలుగేళ్లుగా మనం గ్లాసుల కొద్దీ తాగుతున్నాం. ఒక్కసారి కూడా డబ్బు ఇవ్వలేదు.

ఇలాంటి హోటల్‌ని కాపాడుకునే ప్రయత్నం లండన్‌కి కొత్త కాదు. స్ట్రాండ్‌లోని ఇండియా క్లబ్ రెస్టారెంట్‌కి ఇండియా లీగ్‌తో, భారత తొలి హైకమిషనర్ వి.కె. కృష్ణమీనన్‌తో అనుబంధం ఉండేది. ఆ భవనాన్ని కొంత కూల్చి హోటల్‌గా కట్టాలన్న ప్రతిపాదనను 2018లో వేలమంది సంతకాలు చేసి ఎదిరించారు. వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. అందరూ గెలిచామనుకున్నారు. అయినా 2023 సెప్టెంబరు 17న అది మూతపడింది. కూల్చకుండా ఆపగల కౌన్సిల్, లీజు ఇప్పించలేదు. రీజెంట్ స్ట్రీట్‌లోని వీరాస్వామిది వేరే కథ. 1926లో ఎడ్వర్డ్ పామర్ తెరిచిన ఆ రెస్టారెంట్ పేరు వింటే మనలో ఎవరికైనా సొంతూళ్లో ఒక పెద్దాయన గుర్తొస్తాడు. అక్కడ తగాదా అద్దె పెంపు గురించి కాదు, భవనం మరమ్మతుల పేరిట లీజు పొడిగించకపోవడం గురించి. నూరేళ్లు నిండబోతున్న, మిషెలిన్ స్టార్ ఉన్న చోటుకే ఆ గతి పడితే, ఇరవై నాలుగు కుర్చీల ఇడ్లీ హోటల్‌ని ఎవరు లెక్కచేస్తారని ఒక సభ్యుడు అన్నారు. చిన్నదాన్ని కాపాడటమే తేలికని ఉపాధ్యక్షురాలు బదులిచ్చారు. ఇద్దరి మాటా నమోదైంది.

కాబట్టి ఈ సభ ఈ కింది విధంగా తీర్మానించింది.

ఒకటి. నిరుటి దీపావళి భోజనాల బిల్లులో సంఘం ఈ హోటల్‌కి ఇంకా 640 పౌండ్లు బాకీ ఉంది. కోశాధికారి లెక్కలు చదువుతుంటే బయటపడిన ఈ సంగతికి సభ సిగ్గుపడింది. స్థలం యజమానికి ఉత్తరం రాసే ముందే ఈ బాకీ తీర్చాలి. వారం లోపు తీర్చి రసీదు సభ్యులకు చూపించాలి.

రెండు. అద్దె ఒప్పందం కుదరకపోతే స్వతంత్ర నిపుణుడి చేత తేల్చుకోవచ్చని, ఆ నిపుణుణ్ణి రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్ అధ్యక్షుడు నియమిస్తారని వీరి లీజులోనే ఉంది. స్థలం యజమాని పక్షం సర్వేయర్ పోలికకు తీసుకున్నవన్నీ స్టేషన్ పక్కన కొత్తగా వచ్చిన గొలుసు దుకాణాలు. మన హోటల్ ఉన్న కొసలో నిరుడు రెండు దుకాణాలు ఖాళీ అయ్యాయి, వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఈ వివరాలన్నీ సేకరించి, హోటల్ తరఫు సర్వేయర్‌కి అందించే పని ముగ్గురు సభ్యుల ఉపసంఘానికి అప్పగించడమైంది. లీజులో చెప్పిన గడువు దాటకుండా జవాబు వెళ్లేలా చూడటం ఈ ఉపసంఘం మొదటి బాధ్యత. గడువు తప్పితే అవతలివారు అడిగిందే ఖాయం కావచ్చు.

మూడు. పెంపు తప్పనిదైతే దాన్ని ఒకేసారి కాక మూడేళ్లలో మెట్లు మెట్లుగా అమలు చేయాలని, అద్దె మూడు నెలలకోసారి కాక నెలనెలా కట్టించుకోవాలని స్థలం యజమానిని మర్యాదగా కోరుతూ సంఘం ఉత్తరం రాస్తుంది. "దురాశ" అన్న మాట మొదటి ముసాయిదాలో ఉంటే తీసేశాం. సాయం అడిగే ఉత్తరంలో తిట్టు ఉండకూడదు.

నాలుగు. 2011 లోకలిజం చట్టం కింద ఈ చోటును ప్రజోపయోగ ఆస్తిగా నమోదు చేయమని న్యూహామ్ కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టాలి. అలా నమోదైతే భవనాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు కొనుక్కునే ప్రయత్నానికి స్థానికులకు ఆరు నెలల వ్యవధి దొరుకుతుంది. అద్దె విషయంలో దీనివల్ల పైసా లాభం లేదని సభ్యులు గమనించాలి. పైకి మాత్రమే సాగే అద్దె షరతును నిషేధించే బిల్లు 2025 జూలైలో పార్లమెంటు ముందుకొచ్చినా, అది రాబోయే లీజులకే గానీ పాతవాటికి వర్తించదు. ఆ బిల్లు గురించి మన ఎంపీకి విడిగా రాయాలి.

అయిదు. సంఘం నిధి నుంచి హోటల్‌కి విరాళం ఇవ్వాలన్న ప్రతిపాదనను సభ తిరస్కరించింది. మనది రిజిస్టరైన చారిటీ. పండగలకని, పిల్లల తెలుగు బడికని ఇచ్చిన డబ్బును ఒక వ్యాపారానికి ఇవ్వడానికి వీల్లేదు. పైగా దంపతులు అడిగింది దానం కాదు. "బాబూ, వచ్చి కూర్చుని తినండి చాలు" అంది అక్క. అందుచేత సభ్యులు డెలివరీ యాప్‌లో తెప్పించుకోవడం మాని, హోటల్‌కే ఫోన్ చేసి తామే వెళ్లి తెచ్చుకోవాలి. యాప్ కమీషన్ పోగా మిగిలేదానితో గ్యాసు బిల్లు కూడా గడవదు. శనివారం ఉదయం ఒక కాఫీతో మూడు గంటలు బల్ల ఆక్రమించే అలవాటు కార్యవర్గంతో సహా అందరూ మానాలి. 2026 మార్చి 19న రాబోయే ఉగాదికి పచ్చడితో సహా మొత్తం భోజనాలు ఇక్కడే ఆర్డరిచ్చి, సగం డబ్బు జనవరిలోనే చెల్లించాలి.

ప్రతిపాదించినవారు కార్యదర్శి, బలపరచినవారు ఉపాధ్యక్షురాలు. నలభై ఒక్కరు అనుకూలం, వ్యతిరేకం ఎవరూ లేరు, తటస్థులు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరికి ఇదే వీధిలో అద్దెకిచ్చిన దుకాణం ఉంది. ఆ విషయం ఆయనే లేచి చెప్పి, ఓటు వేయనన్నారు. సభ ఆయన్ని అభినందించింది.

తీర్మానం ప్రతులు స్థలం యజమానికి, కౌన్సిల్‌కి, సభ్యులందరికీ పంపాలి. హోటల్ గోడ మీద, గది అద్దె కాగితాల పక్కన, అంటించకూడదు. బియ్యం, నూనె అరువిచ్చేవాళ్ల కంట పడితే సోమవారం నుంచే నగదు అడుగుతారని, అంటించవద్దని హోటల్ యజమాని కోరినందున.