పెండ్లికుమార్తెకు కట్నమా?

దర్శి నుంచి పొదిలి వైపు పోండి, అద్దంకి వైపు పోండి, కురిచేడు వైపు పోండి. ఎక్కడో ఒకచోట కూడికల ఫ్లెక్సీ కనపడకపోదు. పైన పెద్దక్షరాల్లో "వధువు సంఘమా, సిద్ధపడుము". కింద నిలువెత్తు పాస్టర్ గారు, కోటు, చేతిలో మైకు, పక్కన అమ్మగారు. పెండ్లికుమారుడి ఊసే లేదు. ఆయనకు చోటు మిగల్లేదు పాపం. బాప్తిస్మమిచ్చే యోహాను తాను పెండ్లికుమారుడి స్నేహితుణ్ణి మాత్రమేనని చెప్పి పక్కకు తప్పుకున్నాడు. మన తోడిపెళ్లికొడుకులు మాత్రం పీటల మీంచి లేవడం లేదు.

మూడు రాత్రుల కూడికల్లో సిద్ధపాటు గురించి చెప్పేది ఏమిటి? పూలు, గాజులు, కమ్మలు, టీవీ సీరియళ్లు. విశ్వాసి ఆత్మీయ ఎదుగుదలనంతా ఆడవాళ్ల ఒంటి మీద కొలుస్తారు. చెవికమ్మలు తీసేసిన అక్క ఎదిగింది, తియ్యని అక్క ఇంకా లోకంలో ఉంది. మరి మగవాడో? సంఘమే వధువైతే ముందు వరసలో కుర్చీ వేయించుకుని చందా లెక్కలు చూసే పెద్దాయన కూడా ఆ వధువులో భాగమే కదా. ఆయన సిద్ధపాటు సంగతి ఏ రాత్రి చెబుతారు? ఎఫెసీ పత్రిక అయిదో అధ్యాయంలో భార్యలు లోబడాలన్న మాట దగ్గర గొంతు పెంచుతారు. క్రీస్తు తన సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు భర్త భార్యను ప్రేమించాలన్న చోటికి వచ్చేసరికి టైమైపోతుంది, ముగింపు ప్రార్థన.

సంఘమే వధువన్న ఈ బోధ మనకు కొత్తదేం కాదు. 1938లో బైబిలు మిషను పెట్టిన దేవదాసు అయ్యగారి కాలం నుంచీ తెలుగు విశ్వాసి వింటూనే ఉన్నాడు. బోధలో తప్పు లేదు. ప్రకటన గ్రంథం 19వ అధ్యాయం తీసి చూడండి. వధువు కట్టుకునేది సన్నని నారబట్ట. ఆ బట్ట ఏమిటో కూడా అక్కడే రాసి ఉంది: పరిశుద్ధులు చేసిన నీతి పనులు. తెల్లచీర అని రాయలేదు. పాటల్లో వచ్చే కన్నీళ్లనీ రాయలేదు. నీతి పనులు. అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పడం, కూలి ఎగ్గొట్టకపోవడం, పక్కింటి పిల్ల ఏడిస్తే అడగడం. దీన్ని వదిలేసి, మధ్యాకాశంలోకి ఎత్తబడే గడియ గురించి ఎన్ని రాత్రులు చెప్పుకున్నా ఎదిగేది గొంతే.

అసలు మంట ఇక్కడుంది. మన పల్లెల్లో క్రైస్తవ ఇంట మాటాముచ్చట ఎలా జరుగుతుందో చూడనివాళ్లెవరు? బల్ల మీద బైబిలు. ప్రార్థనతో మొదలు. "మేం నోరు తెరిచి అడగం అన్నా, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం." ఆ ఇష్టం ఇన్ని లక్షలనీ, ఇన్ని సవర్లనీ, బండి వేరేననీ కాసేపట్లో తేలుతుంది. మధ్యవర్తి తరచుగా దైవజనుడే. మళ్లీ ప్రార్థనతో ముగింపు. బోరు నీళ్లలో ఫ్లోరైడుకు మోకాళ్లు వంగిపోయిన తండ్రి అప్పుకు బయలుదేరతాడు, అది తీర్చడానికి కొడుకును బెంగళూరు పనికి పంపుతాడు. ఆ కట్నం సొమ్ములోంచి దశమభాగం తీసుకునే చేతులు కూడా ఉన్నాయి.

మన తాతలు, అంటే మాలపల్లెలోనూ మాదిగపల్లెలోనూ బతికిన తాతలు, ఇంత దిగజారలేదు. మగపిల్లవాడి వాళ్లే ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునేవాళ్లు. క్రీస్తు పెళ్లి కూడా ఆ రకమే. తన సంఘాన్ని ఆయన స్వరక్తమిచ్చి కొనుక్కున్నాడని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఓలి కట్టిన వరుడాయన. ఆయనకు వధువునని చెప్పుకునే సంఘం తన కూతుళ్లను కట్నం పెట్టి వదిలించుకుంటుంటే, ఇది ఎదుగుదలా, ఎగతాళా?

ఎదుగుదల ఎలా ఉంటుందో ఈ నేలకు తెలుసు. ధాత కరువులో, 1876 నుంచి 78 దాకా, జనం పిట్టల్లా రాలిపోతుంటే ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలీ ఇచ్చాడు. ఆ జనమే బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. ఇవ్వలేదు. పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. గింజల కోసం వచ్చినవాడెవడో, దేవుడి కోసం వచ్చినవాడెవడో తేలనిమ్మన్నాడు. సాయం ఆగిపోయాక కూడా వచ్చి నిలబడ్డవాళ్లకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమైంది. ఈ అంకెను ప్రతి కూడికలోనూ గర్వంగా చెబుతాం. ముందు గడిచిన పదిహేను నెలల మాట ఎవరూ ఎత్తరు. ఇవాళ శనివారం చెయ్యెత్తితే ఆదివారం నీళ్లలో ముంచి, ఫొటో తీసి, సాయంత్రానికి స్టేటస్ పెట్టేస్తున్నాం.

1866లో బాప్తిస్మం పొందిన తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్యనీ, ఆయన భార్య నాగమ్మనీ తల్చుకోండి. అప్పట్లో విశ్వాసికి పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవి. కానీ జాతరకు డప్పు కొట్టనన్న మాదిగకు ఊళ్లో పని పోయేది, కళ్లంలో మేర పోయేది. వాళ్ల నారబట్ట అలా నేశారు, కడుపు మాడ్చుకుని. ఆ మూడింటికీ నాలుగోది, కట్నం తీసుకోకూడదన్నది, కలపడానికి మనకు నూట యాభై ఏళ్లు చాల్లేదా?

ఇంకో సంగతి. ఒంగోల్లో పైకులాలవాళ్లు కొందరు, అంటరానివాళ్లను చేర్చుకోకపోతే మేమొస్తామన్నప్పుడు క్లౌ దంపతులు ఒప్పుకోలేదు. మొదటి కొరింథీ పత్రికలో లోకం నీచులన్నవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోటు ఇద్దరూ విడివిడిగా తెరిచి చదివారట. ఆ నీచులన్నవాళ్ల మనవలం మనం. ఇవాళ మాలల మందిరం వేరు, మాదిగల మందిరం వేరు, పిల్లనిచ్చిపుచ్చుకోవడాలు అసలే లేవు. వరుడొక్కడే అయినప్పుడు పల్లెకో వధువెక్కడినుంచి వచ్చింది?

కాపరులందరూ ఇలాంటివాళ్లేనా అంటే కాదు. జీతం రాకపోయినా టీవీఎస్ బండి మీద ముండ్లమూరు, తాళ్లూరు పల్లెలన్నీ తిరిగి రోగుల దగ్గర కూర్చునేవాళ్లున్నారు. వాళ్ల ఫ్లెక్సీలు ఉండవు.

అయ్యగార్లూ, పెళ్లి జరిపే అధికారం మీకు 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద వచ్చింది. 1961 చట్టం ప్రకారం కట్నం ఇచ్చినా, పుచ్చుకున్నా, దానికి తోడ్పడినా నేరమే. రెండూ మీకు తెలుసు. చందా తగ్గుతుందన్న భయం తప్ప మీకు అడ్డేమీ లేదు. పెళ్లి ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండని మీరే అడుగుతారు కదా. ఈసారి దర్శిలో నేనున్న మందిరంలో ప్రకటన చదివితే లేచి నిలబడి అడుగుతాను: కట్నం ఎంత, ఎవరి చేతికి ముట్టింది? నన్ను బయటికి పంపుతారేమో. పంపండి. చెప్పులు గుమ్మం పక్కనే విడుస్తాను.