లోపలి మాట ఎవరిది?

పత్తి ఏరే రోజుల్లో చిల్పూర్ గుట్ట కింది ఊళ్ల నుంచి పొద్దు పొడవకముందే ఆటోలు బయలుదేరుతాయి. ఆరుగురు కూర్చునే బండిలో పన్నెండు మంది ఆడవాళ్లు, వాళ్ల ఒడిలో సద్ది గిన్నెలు. కిందటి సీజన్‌లో ఒకరోజు అలాంటి ఆటోలో మేమూ పోతున్నాం. డ్రైవర్ పిల్లవాడు ఫోనులో ఏదో పెట్టాడు. ఇద్దరు పెద్దమనుషులు తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు. ఎక్కువ గంటలు పనిచేసినవాడే పైకొస్తాడని ఒకాయన చెబుతుంటే రెండో ఆయన అవునంటున్నాడు. వెనుక నుంచి ఒక అక్క అడిగింది: "బిడ్డా, వాళ్లేం పని జేస్తరు?" పిల్లవాడు కాసేపు ఆలోచించి, "కంపెనీలు నడుపుతరు అత్తమ్మా" అన్నాడు. "నడిపేటోళ్లు జెప్పిన్రు, మంచిగనే ఉంది. మరి నడిచేటోళ్లు ఎప్పుడు జెప్తరు?" అంది ఆమె. ఆటోలో అందరూ నవ్వారు. మాకు మాత్రం ఆ మాట చేను దాకా, చేను నుంచి ఇంటి దాకా వెంట వచ్చింది.

ఆ పిల్లవాడు పెట్టినదాన్ని పాడ్‌కాస్ట్ అంటారు. ఇద్దరో ముగ్గురో మైకుల ముందు కూర్చొని గంటో, రెండు గంటలో, ఒక్కోసారి మూడు గంటలో మాట్లాడుకుంటారు. దాన్ని ఫోనులో ఎవరైనా, ఎప్పుడైనా వినవచ్చు. పేపర్లో రానిది, మీటింగులో చెప్పనిది, లోపలివాళ్లకే తెలిసిన మాట ఇక్కడ చెబుతారన్నదే దీని ఆకర్షణ. పని గురించి, వ్యాపారం గురించి, రాజకీయం గురించి లోపలి మాట! తెలుగులోనూ ఇవి ఇప్పుడు చాలా వచ్చాయి. మన పిల్లలు హార్వెస్టర్ మీద కూర్చొని వింటున్నారు, హైదరాబాదులో కాపలా పనికి పోయినవాళ్లు రాత్రిళ్లు వింటున్నారు. కాబట్టి ఇది పట్నం ముచ్చట, మనకెందుకు అనుకోవడానికి లేదు.

ఆ లోపలి మాటల్లో ఏముందో రెండు ఉదాహరణలు చూద్దాం.

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ స్థాపకుల్లో ఒకరైన ఎన్.ఆర్. నారాయణమూర్తి ఇలాంటి ఒక పాడ్‌కాస్ట్‌లో మాట్లాడారు. మన దేశంలో ఉత్పాదకత తక్కువని, యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలని అన్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ, జపాన్ ప్రజలు ఇలాగే చేశారని చెప్పారు. ఆ ఒక్క మాట మీద దేశమంతా వారాల తరబడి చర్చ జరిగింది. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ కంపెనీ అధిపతి ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట ఎత్తారు. ఆదివారాలు కూడా పనిచేయించలేకపోతున్నందుకు విచారపడ్డారు.

మనం కూడా ఒక లెక్క వేద్దాం. మన చిల్పూర్ మండలంలో కైకిలికి పోయే ఒక ఆడమనిషి పొద్దున నాలుగున్నరకు లేస్తుంది. వాకిలి, నీళ్లు, వంట, పిల్లల బడి, గొడ్డుంటే గొడ్డు పని. ఏడు గంటలకు ఆటో ఎక్కుతుంది. సాయంత్రం ఆరు గంటలకు ఇల్లు చేరుతుంది. మళ్లీ పొయ్యి. నడుం వాల్చేసరికి రాత్రి తొమ్మిది. నడుమ తిండికి, కాసేపు కూర్చోవడానికి రెండున్నర గంటలు తీసేసినా రోజుకు 14 గంటలు. సీజన్‌లో ఆదివారం లేదు. వారానికి 98 గంటలు! ఇది ఏ సర్వే లెక్కా కాదు, మా వదినెల, అక్కల పక్కన కూర్చొని వేసిన లెక్క. సర్వే లెక్క కావాలంటే అదీ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనిలోనే ఉంటారు, మగవాళ్లు 88 నిమిషాలు. ఆ చాకిరీకి కూలీ లేదు, పేరూ లేదు.

ఎక్కువ గంటలు పనిచేస్తే దేశం బాగుపడుతుందన్నది నిజమైతే మన పల్లెలు ఎప్పుడో బాగుపడాలి. బాగుపడలేదంటే లోపం గంటల్లో లేదు. ఆ గంటల ఫలితం ఎవరి ఇంటికి పోతున్నదన్న దాంట్లో ఉంది. ఎనిమిది గంటల పనిదినం కోసం 1886లో చికాగో కార్మికులు నెత్తురు ధారపోశారు. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు అని రాసింది. పొలంలో వంగే మనిషికి ఆ గడియారం ఇప్పటికీ రాలేదు. రాని గడియారాన్ని, వచ్చినవాళ్ల చేతినుంచి కూడా తీసేద్దామన్నదే ఈ లోపలి మాటల సారం.

రెండో ఉదాహరణ రాజకీయాలది. 2025 జనవరిలో ప్రధాని మోడీ షేర్ల వ్యాపార సంస్థ జెరోధా సహ వ్యవస్థాపకుడు నిఖిల్ కామత్ పాడ్‌కాస్ట్‌లో దాదాపు రెండు గంటలు కూర్చున్నారు. చిన్ననాటి ముచ్చట్లు, రాజకీయాల్లోకి యువకులు రావాలన్న మాటలు చెప్పారు. అదే ఏడు మార్చిలో లెక్స్ ఫ్రిడ్‌మన్ అనే అమెరికా ఆయనతో మూడు గంటలకు పైగా మాట్లాడారు. మాట్లాడటం తప్పనడం లేదు. కానీ 2020 నవంబరు 26 నుంచి ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు చలిలో, ఎండలో, వానలో కూర్చున్నారు. మంత్రులతో 11 విడతలు చర్చలు జరిగాయి. 2021 జనవరి 22తో అవీ ఆగిపోయాయి. ఆ బల్ల దగ్గర ప్రధాని కూర్చోలేదు. చివరికి 2021 నవంబరులో చట్టాలు వాపసు తీసుకుంటున్నామని టీవీలో ప్రకటించారు. ఎవరితో మాట్లాడటానికి తీరిక ఉంది, ఎవరితో లేదు అన్నది కూడా ఒక రాజకీయమే.

ఇక మన బతుకుల మీద జరిగిన నిర్ణయాలు చూడండి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి తెచ్చారు. 2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టానికి పార్లమెంటులో ఆమోదం తీసుకున్నారు. 100 రోజులు 125 అయ్యాయని గొప్పగా చెప్పారు. పాత చట్టంలో మామూలు కూలిపనుల వేతనమంతా కేంద్రమే ఇచ్చేది. కొత్తదాంట్లో మన రాష్ట్రాల వంటివి ఖర్చులో 40 శాతం భరించాలి. విత్తే రోజుల్లో, కోత రోజుల్లో కలిపి ఏడాదికి 60 రోజులదాకా పనులు ఆపడానికి వీలు పెట్టారు. దీని అర్థం ఏమిటో కూలికి పోయే ఎవరినైనా అడగండి. 2025–26లో తెలంగాణకు ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలుగా నిర్ణయించారు. అది పెద్ద మొత్తం కాదు. కానీ నాట్లప్పుడు ఊళ్లో ఇంకో పని ఉందంటేనే "ఈ కూలికి రాము" అనగలిగే ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యాన్ని సరిగ్గా అది అవసరమైన రోజుల్లోనే తీసేయవచ్చన్నమాట. ఈ లోపలి సంగతి చెప్పగలిగినవాళ్లు మైకుల ముందు లేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వ్యవసాయ కూలీలు 14 కోట్ల 43 లక్షల మంది. ఇన్ని కోట్ల మందికి తమ పని గురించి లోపలి మాట లేదా?

ఉంది. చెప్పే చోటే లేకుండా చేశారు. ఆ చరిత్ర కూడా మనం తెలుసుకోవాలి.

1956లో పూనా పరిసర జిల్లాల్లో ఆకాశవాణి ఒక ప్రయోగం చేసింది. ఊళ్లో జనం గుంపుగా కూర్చొని రేడియో వినాలి, విన్నదాని మీద చర్చించాలి, తమ ప్రశ్నలు తిరిగి రేడియోకు పంపాలి. వినండి, చర్చించండి, ఆచరించండి అన్నది నినాదం. 1959 నుంచి దీన్ని దేశమంతటా విస్తరించారు. అందులో ఒక లోపం ఉంది. మాట పైనుంచే వచ్చేది, ఊరివాళ్లు జవాబుదారులే. కానీ ఒక మంచీ ఉంది. ఒంటరిగా వినలేదు, కలిసి విన్నారు. ఇప్పుడు చెవిలో తీగ పెట్టుకొని ఒక్కడే వింటున్నాడు. ఒక్కడే విన్నవాడికి ఎదురు ప్రశ్న తోచదు. తోచినా వినేవాడుండడు.

1995లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. మన సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర మాచునూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1998 నాటికే రేడియో స్టూడియో తయారు చేసుకున్నాయి. లైసెన్సు రాలేదు. 2002లో చదువుల సంస్థలకు మాత్రమే అనుమతి ఇచ్చారు. 2006లో గానీ స్వచ్ఛంద సంస్థలకు దారి తెరవలేదు. ఆ పదేళ్లు ఆ దళిత ఆడవాళ్లు తమ మాటల్ని క్యాసెట్లలో ఎక్కించి సంఘాల మీటింగుల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. ఆ తీర్పు ఇచ్చిన వారిలో ఒకరైన జస్టిస్ పి.బి. సావంతే దాన్ని ప్రారంభించారు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ వంటి వ్యవసాయ కూలీ కుటుంబాల బిడ్డలు దాన్ని నడిపారు. విత్తనం గురించి, నేల గురించి, పండుగ గురించి తమ యాసలోనే మాట్లాడారు.

అయినా ఒక సంకెళ్లు మిగిలింది. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పరాదు, రాజకీయాలు మాట్లాడరాదని నిబంధన. బలం 100 వాట్లే. షేర్ల వ్యాపారి మైకు ముందు ప్రధాని రాజకీయం మాట్లాడవచ్చు. కూలి ఆడమనిషి రేడియోలో కూలి రేటు ఎందుకు పెరగడం లేదో రాజకీయంగా చెప్పకూడదు! ఈ నిబంధన పోవాలని మనం గట్టిగా అడగాలి.

అది పోయేదాకా చేతులు కట్టుకొని కూర్చోవాలా? ఫోనులో రికార్డు చేసి పంపుకోవడానికి లైసెన్సు అక్కరలేదు. అందుకే కిందటి వానాకాలం నాట్లకు ముందు మేము కూడా ఒక ప్రయత్నం చేశాం. అందులో మా తప్పులు కూడా చెప్పాలి, ఎందుకంటే కార్యకర్తలు చదువుతున్నారు.

మొదట మేమే మాట్లాడాం. పాతిక నిమిషాల ఉపన్యాసం, మీటింగులో చెప్పేదే. అందరి ఫోన్లకూ పంపాం. మేము మాట్లాడింది మేమే విన్నాం! రెండోసారి చింతచెట్టు కింద ఆరుగురు నాటు కూలీలను కూర్చోబెట్టి మేము నోరు మూసుకున్నాం. ఒకామె అంది: "ఎకరానికి గుత్త ఎంతన్నది గాదు. ఎందరం దిగినం, ఎన్ని గంటలు వంగినం, అది లెక్కగట్టు. గుత్త పెరిగినట్టే కనవడ్తది, మనిషికి వచ్చేది పెరగలే." ఇంకొకామె ఆటో కిరాయి ఎవరి మీద పడుతున్నదో లెక్క చెప్పింది. ఇరవై ఏళ్లుగా కూలి సమస్య మీద మాట్లాడుతున్న మాకు ఆ లెక్క అంత స్పష్టంగా తెలియదు. ఆ రికార్డును నాలుగు ఊళ్లలో విన్నారు, మళ్లీ మళ్లీ విన్నారు.

తర్వాత జరిగింది చేదు. గొంతు గుర్తుపట్టి ఒక రైతు మొదటామెను నాలుగు రోజులు పనికి పిలవలేదు. ఆ నాలుగు రోజుల కూలి గురించి సంఘం ఆలోచించనే లేదు. ఆమె పోగొట్టుకున్న కూలికి బాధ్యత మాది. మాట్లాడమని ప్రోత్సహించినవాళ్లు మాట్లాడినవాళ్ల వెనుక నిలబడాలి. ఈ పాఠం మేము ఆమె ఖర్చుతో నేర్చుకున్నాం.

ఆ రైతు దగ్గరికి పోయాం. తీరా చూస్తే ఆయన భూస్వామి కాడు, మూడెకరాల కౌలుదారు. "వాళ్ల గోస రికార్డు జేసిన్రు, నా గోస ఎవడు జేస్తడన్నా?" అన్నాడు. నిజమే. ఆయనదీ రికార్డు చేశాం. కౌలు ఎంత, ఎరువుల దుకాణం అప్పు ఎంత, పత్తి తూకంలో తరుగు ఎంత తీస్తున్నారు అన్నీ చెప్పాడు. రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి ఊళ్లో వినిపించాం. కూలి అనుకున్నంత పెరగలేదు. కానీ ఆటో కిరాయి రైతులే పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. ఆమెను మళ్లీ పనికి పిలిచారు. ఇద్దరి గోసకూ మూలం ఇద్దరిలో ఎవరూ కాదని ఆ రాత్రి చాలామందికి అర్థమైంది.

కాబట్టి మా సూచనలు ఇవి. పెద్దోళ్ల పాడ్‌కాస్ట్‌లు వినొద్దని మేము చెప్పం. వినాలి. అవతలివాడు ఏమనుకుంటున్నాడో తెలియకుండా పోరాటం చేయలేం. కానీ కలిసి వినాలి, మధ్యలో ఆపి అడగాలి: ఈ మాట వల్ల ఎవరికి లాభం? ఇక్కడ కూర్చోనిది ఎవరు? రెండోది, ప్రతి సీజన్‌కు ముందు మన ఊరి కూలి లెక్క మనమే రికార్డు చేయాలి. ఆడవాళ్లు ముందు, నాయకులు చివర. మూడోది, మాట్లాడేవాళ్లు పేరు వద్దంటే పేరు పెట్టరాదు, గొంతు వద్దంటే ఇంకొకరు చెప్పాలి. పని పోతే సంఘం చందాలోంచి ఆ కూలి ఇవ్వాలి. ఇది ముందే తీర్మానం చేసుకున్నాకే ఫోను బయటికి తీయాలి.

ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. పక్కనే ఉన్న పాలకుర్తిలో ఐలమ్మ తన పంట తన ఇంటికే అని నిలబడ్డప్పుడు, 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు ఆ కబురు ఊరూరా చేరవేసింది జనం నోళ్లే. బుర్రకథ చెప్పినవాళ్లు, పాట కట్టినవాళ్లు ఆనాటి మన రేడియోలు.

చిల్పూర్ గుట్ట మీది దేవుణ్ని బుగులు వెంకటేశ్వరస్వామి అంటారు. పెళ్లికి చేసిన అప్పు తీరే దారి కానరాక, ఆ బుగులుతో ఇక్కడికొచ్చి కూర్చున్నాడని మన పెద్దలు చెబుతారు. అప్పు బుగులు దేవుడికే తప్పలేదని జనం చెప్పుకున్నారంటే, అది తమ బతుకు లోపలి మాటే. ఆ మాటను గుట్ట మీద మొక్కి దిగిరావడంతో ఆపకుండా, గుట్ట కింద పదిమందిలో కూర్చొని గట్టిగా చెప్పుకుందాం. వచ్చే నాట్లకు ముందే మొదలుపెడదాం.